జల్లెడను బట్టే గింజ

ప్రశ్న: నేను హైదరాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ మూడో సంవత్సరంలో ఉన్నాను. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. నాన్న రైస్ మిల్లులో గుమస్తా. బయోటెక్నాలజీలో బీటెక్, ఎంటెక్ చేసి, నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ ఫెలోషిప్‌తో ఇక్కడ చేరాను. నీళ్ల సీసాలు తయారుచేసే పెట్ ప్లాస్టిక్‌ను ముక్కలు చేసే ఎంజైమ్‌ను (రసాయన చర్యను వేగవంతం చేసే ప్రొటీన్‌ను) మెరుగుపరచడం నా పని. మొదటి ఏడాదంతా ప్రొటీన్ కరిగే రూపంలో రానేలేదు. దాన్ని తయారుచేసే ఇ. కొలై బ్యాక్టీరియా కణాల్లో ముద్దగా పేరుకుపోయేది. ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు తగ్గించి ఎలాగో కొంత రాబట్టాను. రెండో ఏడాది దాదాపు నాలుగు వందల మ్యూటెంట్లను (అక్కడక్కడా మార్పులు చేసిన ఎంజైమ్ రూపాలను) పసుపు రంగు పరీక్షతో వడకట్టాను. మూడు మాత్రం అసలు ఎంజైమ్ కంటే నాలుగు రెట్లు ఎక్కువ రంగు ఇచ్చాయి. గైడ్ చాలా సంతోషించారు. తీరా వాటిని శుద్ధి చేసి, సీసా ముక్కల మీద 37 డిగ్రీల దగ్గర వారం రోజులు ఉంచితే ఏమీ జరగలేదు. ఈలోగా ఎంజైమ్‌లో మార్చడానికి నేను ఎంచుకున్న స్థానాల్లో రెండింటిని మార్చి ఒక విదేశీ ల్యాబ్ పేపర్ ప్రచురించింది. గైడ్ ఇంకో రెండు వందలు చూడమంటున్నారు. ప్రొటీన్లను ఇప్పుడు కంప్యూటరే డిజైన్ చేస్తుందని, ఇంకా పిపెట్ పట్టుకుని కూర్చుంటే లాభం లేదని మా ల్యాబ్‌లోనే కొందరు అంటున్నారు. నాతో ఎంటెక్ చేసిన అమ్మాయి జీనోమ్ వ్యాలీలో ఉద్యోగం చేస్తూ ఇంటికి డబ్బు పంపుతోంది. ఇంటికి వెళ్తే నాన్న ‘ఇంకా ఎన్నాళ్లమ్మా?’ అని అడుగుతారు. సంబంధాలు కూడా చూస్తున్నారు. మానేసి ఉద్యోగంలో చేరనా? అమెరికాలో మళ్లీ మొదటి నుంచి పీహెచ్‌డీ చేయనా? లేక కోడింగ్ నేర్చుకోనా?
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. మొదటిసారి చివరి మూడు ప్రశ్నలే కనిపించాయి. రెండోసారి మాత్రం మధ్యలో మీరు గబగబా రాసేసి ముందుకు వెళ్లిపోయిన రెండు విషయాల దగ్గర ఆగిపోయాను. నాలుగు రెట్లు రంగు ఇచ్చిన మూడు మ్యూటెంట్లు ఒకటి, సీసా ముక్క మీద ఏమీ జరగకపోవడం రెండోది. వీటి సంగతి తేలకుండా ఉద్యోగమా, అమెరికానా అని కూర్చుని మాట్లాడుకోవడం దండగ. కాబట్టి ముందు ల్యాబ్‌లోకి వెళ్దాం. ఇంటి సంగతులు తర్వాత.

పసుపు రంగు పరీక్ష తెలియని పాఠకుల కోసం ఒక మాట. పారా నైట్రోఫినైల్ బ్యూటిరేట్ అని ఒక చిన్న అణువు ఉంది. దానికి రంగు ఉండదు. ఎంజైమ్ అందులోని ఎస్టర్ బంధాన్ని తెంపగానే పసుపుపచ్చని పదార్థం విడుదలవుతుంది. 96 గుంటల ప్లేటులో వేసి 405 నానోమీటర్ల దగ్గర చదివితే నిమిషాల్లో ప్లేటంతా తేలిపోతుంది. పెట్ ప్లాస్టిక్ గొలుసులో ఉన్నవీ ఎస్టర్ బంధాలే. అందుకే దీన్ని తెంపేది దాన్నీ తెంపుతుందని ఆశ. కానీ నీళ్లలో కరిగి తనంతట తానే వచ్చి ఎంజైమ్ నోట్లో పడే చిన్న అణువు ఎక్కడ, కదలకుండా బిగుసుకుని పడుకున్న ప్లాస్టిక్ ఎక్కడ! కొబ్బరి ముక్క తురిమినంత మాత్రాన కోరాము టెంకాయను పగలగొడుతుందా?

ఎంజైమ్‌లను మార్చి మార్చి ఎంపిక చేసే ఈ పనిలో ఉన్నవారంతా మొదటి సూత్రంగా చెప్పుకునే మాట ఒకటుంది. దేనికోసం జల్లెడ పడితే అదే దొరుకుతుంది. అమెరికా శాస్త్రవేత్త ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కు 2018లో నోబెల్ తెచ్చిన పనిని చూడండి. సబ్టిలిసిన్ అనే ఎంజైమ్ డైమిథైల్ ఫార్మమైడ్ అనే ద్రావకంలో పనిచేయాలన్నది ఆమె కోరిక. ఆ ద్రావకాన్ని కలిపిన ప్లేట్ల మీదే మ్యూటెంట్లను పెంచి, వాటిలో ఏది ప్రొటీన్‌ను కరిగిస్తుందో చూశారు. 1993లో ప్రచురించిన ఆ పేపర్ ప్రకారం, 60 శాతం ద్రావకంలో ఆఖరి ఎంజైమ్ అసలు దానికంటే 256 రెట్లు చురుగ్గా పనిచేసింది. ద్రావకంలో పనిచేసేది కావాలని, పరీక్ష మాత్రం నీళ్లలో చేసి ఉంటే? నీళ్లలో బాగా పనిచేసేదే దొరికి ఉండేది. మీకు జరిగింది అదే.

అయితే మీరు అనుకుంటున్నట్టు ఆ మూడూ పనికిరానివి కాకపోవచ్చు. మీరు వడకట్టింది శుద్ధి చేసిన ప్రొటీన్‌నా, కణాలను పగలగొట్టిన లైసేట్‌నా? నాలుగు వందలంటే లైసేట్‌నే అయి ఉంటుంది. నాలుగు వందల ప్రొటీన్లను నికెల్ కాలమ్ (కావలసిన ప్రొటీన్‌ను పట్టుకుని మిగతావాటిని వదిలేసే గొట్టం) మీద శుద్ధి చేసే ఓపిక ఎవరికీ ఉండదు, ఉండకూడదు కూడా. లైసేట్ అయితే, రంగు నాలుగు రెట్లు పెరగడానికి రెండు కారణాలు ఉండవచ్చు. ఒక్కొక్క ఎంజైమ్ అణువు నాలుగు రెట్లు చురుకైనదన్నా కావాలి, అదే చురుకుతో కరిగిన ఎంజైమ్ నాలుగు రెట్లు ఎక్కువగా తయారై అన్నా ఉండాలి. మీరు శుద్ధి చేశాక అసలు ఎంజైమ్‌నూ, మ్యూటెంట్లనూ సమానమైన మోతాదుల్లో తీసుకుని ఉంటారు. ఆ క్షణంలో రెండో రకం లాభం తుడిచిపెట్టుకుపోయింది.

మొదటి ఏడాదంతా మిమ్మల్ని ఏడిపించింది ఏమిటో గుర్తు తెచ్చుకోండి. ప్రొటీన్ కరగకపోవడం. ఆ మూడు మ్యూటెంట్లు తీర్చిన సమస్య అదే కావచ్చు! చేయవలసింది ఒక్క జెల్, అంటే ప్రొటీన్లను బరువును బట్టి గీతలుగా విడదీసి చూపే పరీక్ష. అసలు ఎంజైమ్, మూడు మ్యూటెంట్లు. ఒకే సాంద్రతకు పెంచిన కణాలు, ఒకే పరిమాణం. ఒక్కోదానికి మూడు వరసలు: మొత్తం, పైన తేరిన ద్రవం, అడుగున దిగిన ముద్ద. రంగు వేసి కడిగాక 30 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలమానం) గుర్తుకు కాస్త కింద మీ ప్రొటీన్ గీత కనిపిస్తుంది. అసలు ఎంజైమ్‌కు ఆ గీత ముద్ద వరసలో లావుగా, పై ద్రవంలో సన్నగా ఉంటుంది. మ్యూటెంట్లకు ఇది తారుమారైతే, రెండేళ్ల తర్వాత మొదటిసారిగా మీ చేతికి గింజ దొరికినట్టే. కరిగే ప్రొటీన్‌ను ఇచ్చే మూడు మార్పులు థీసిస్‌లో ఒక అధ్యాయం. తర్వాతి విడతకు వాటినే తల్లి ఎంజైమ్‌గా పెట్టుకోవచ్చు.

తారుమారు కాకపోతే? అప్పుడు అవి చిన్న అణువును కొరకడంలో మాత్రమే ఆరితేరినవి. ఆ సంగతి రాసిపెట్టి వదిలేయండి.

ఈ జెల్ వేసే ముందు ప్లాస్మిడ్లను (ఎంజైమ్ జన్యువును మోసే డీఎన్ఏ వలయాలను) సీక్వెన్స్ చేయించండి, అంటే వాటి అక్షరాల వరుస చదివించండి. చేయించానంటారేమో. ఎప్పుడు? ట్యూబు మీద ఉన్న పేరును నమ్మడం ఈ వృత్తిలో అందరం చేసే పాపం. 1998లో, నా పీహెచ్‌డీ రోజుల్లో, ఒక సీనియర్ వెళ్తూ వెళ్తూ ఇచ్చిన ప్లాస్మిడ్‌తో ఎనిమిది నెలలు పనిచేశాను. ప్రొటీన్ చక్కగా తయారయ్యేది, జెల్ మీద ఉండవలసిన చోటే ఉండేది, నికెల్ కాలమ్‌కు మాత్రం అంటుకునేది కాదు. కాలమ్‌ను తిట్టాను, బఫర్‌ను తిట్టాను, ఇమిడజోల్ పంపిన కంపెనీని తిట్టాను. అప్పట్లో సీక్వెన్సింగ్ ఖరీదు, అడగడానికి మొహమాటం. చివరికి చేయిస్తే, చివర ఉండవలసిన ఆరు హిస్టిడిన్లకు (నికెల్‌కు అంటుకునే అమినో ఆమ్లాలకు) సరిగ్గా ముందు డీఎన్ఏలో ఒక్క అక్షరం ఎగిరిపోయి ఉంది. ఆ తర్వాతి చదువంతా ఒక అక్షరం పక్కకు జరిగింది. అంటుకోవడానికి అక్కడ హిస్టిడిన్లే లేవు. ఇప్పుడు ఆ పనికి కొన్ని వందల రూపాయలు, రెండు మూడు రోజులు చాలు.

ఇక సీసా ముక్క. సీసాలో ఎక్కడి నుంచి కత్తిరించారు? నడుము దగ్గర నుంచే అయి ఉంటుంది, అక్కడే చదునుగా ఉంటుంది కాబట్టి. సీసా ఎలా తయారవుతుందో చూస్తే మీ వారం రోజులు ఎందుకు వృథా అయ్యాయో తెలుస్తుంది. ముందు పరీక్షనాళిక లాంటి చిన్న మందపాటి గొట్టాన్ని పోతపోస్తారు. దాన్ని వేడిచేసి, పొడుగ్గా సాగదీసి, లోపలికి గాలి ఊది అచ్చులో ఉబ్బిస్తారు. సాగినచోట గొలుసులన్నీ ఒకే దిశకు తిరిగి, పక్కపక్కనే సర్దుకుని స్ఫటికంలా బిగుసుకుంటాయి. సీసాకు గట్టిదనం వచ్చేది అందువల్లే. అలా బిగుసుకున్న భాగాన్ని ఈ జాతి ఎంజైమ్‌లు ఏవీ దాదాపు ముట్టుకోవు. మూత బిగించే మరల దగ్గర మాత్రం ప్లాస్టిక్ సాగదు. సాధారణ నీళ్ల సీసాలో అక్కడి గొలుసులు చిక్కుబడ్డ దారపు ఉండలా వదులుగానే ఉంటాయి. మెడ దగ్గరి ముక్క, నడుము దగ్గరి ముక్క పక్కపక్కన పెట్టి ఒకే ఎంజైమ్ వేసి చూడండి. ఇది పెద్ద ప్రయోగం కాదు, కానీ మీ గైడ్ ముందు బల్ల మీద పెట్టగల ప్రయోగం.

ఉష్ణోగ్రత సంగతీ అంతే. నీళ్లలో నానిన పెట్ గొలుసులు 65, 70 డిగ్రీల దగ్గరికి వస్తేనే గాని బాగా కదలవు. మీరు 37 దగ్గర పెట్టారు. 2020లో ఫ్రాన్స్‌లోని తులూజ్ బృందం, కార్బియోస్ కంపెనీతో కలిసి, పది గంటల్లో 90 శాతం పెట్‌ను విడగొట్టింది. 72 డిగ్రీల దగ్గర. అదీ ప్లాస్టిక్‌ను ముందుగా కరిగించి, చల్లబరిచి, పొడి చేసి, ఆ బిగువు తగ్గించాక. మీ ఎంజైమ్ ఎన్ని డిగ్రీల దగ్గర విచ్చుకుపోతుందో కొలిచారా? ఉత్తరంలో ఆ అంకె లేదు. కోవిడ్ పుణ్యమా అని ఇప్పుడు చాలా సంస్థల్లో ఆ పరీక్షలకు వాడిన క్యూపీసీఆర్ యంత్రాలు ఖాళీగా పడి ఉన్నాయి. విచ్చుకున్న ప్రొటీన్‌కు అంటుకుని మెరిసే సైప్రో ఆరెంజ్ రంగు కలిపి, ఉష్ణోగ్రత కొద్దికొద్దిగా పెంచుతూ పోతే ఒక పూటలో తేలిపోతుంది. మెరుగైన ఎంజైమ్ అని ముందు ముందు మీరు దేన్ని పిలిచినా దాని పక్కన ఈ అంకె ఉండాలి.

అంటే మీరు వాడిన రెండు కొలతల్లో ఒకటి మరీ సులువైనది, రెండోది దాటరానంత కష్టమైనది. సులువైన దానిలో నాలుగు వందల్లో మూడు నెగ్గాయి, కష్టమైన దానిలో ఏదీ నెగ్గలేదు. ఈ రెంటి మధ్య మీ ఎంజైమ్ గురించి మీకు నిజంగా ఏమీ తెలియదు. ఇది నిరాశపడవలసిన విషయం కాదు, పని మొదలుపెట్టవలసిన చోటు. మెడ ముక్కనో, బజారులో దొరికే వదులు పెట్ ఫిల్మ్‌నో తీసుకుని, పెట్ తెగినప్పుడు విడుదలైన టెరిఫ్తాలిక్ ఆమ్లాన్ని హెచ్‌పీఎల్‌సీలో (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రంలో) 240 నానోమీటర్ల దగ్గర కొలిచే పద్ధతిని ముందు నిలబెట్టండి. అసలు ఎంజైమ్ తోనే, మూడు వేర్వేరు రోజుల్లో, మూడు వేర్వేరు తయారీలతో చేసి ఒకే అంకె వచ్చేదాకా ఒక్క కొత్త మ్యూటెంట్‌నూ ముట్టుకోవద్దు. గైడ్ అడిగిన రెండు వందలు ఆగితే కొంప మునగదు.

మీ ఊరి పక్కనే పుట్టిన మనిషిని మీకు గుర్తు చేయాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గురించి బడిలో చదివే ఉంటారు. మందుల గురించే ఎక్కువ చెబుతారు. నాకు మాత్రం ఆయన పేరు వింటే ఒక నీలం రంగు గుర్తొస్తుంది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే జీవరసాయన శాస్త్రవేత్తతో కలిసి ఆయన ముందుగా చేసింది ఏ గొప్ప అణువునూ కనిపెట్టడం కాదు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి. మాలిబ్డేట్‌తో నీలం రంగు వస్తుంది, ఎంత రంగో అంత ఫాస్ఫేటు. 1925లో ప్రచురించిన ఆ పద్ధతిని బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ ప్రాక్టికల్స్‌లో చేస్తారు. అదే పరీక్షను కండరాల సారం మీద చేసినప్పుడు రంగు వెంటనే రాలేదు, మెల్లమెల్లగా చిక్కబడింది. ఇంకొకరైతే రసాయనం పాతదనో, చేయి తప్పిందనో అనుకుని ఆ ట్యూబు పారబోసేవారు. తమ కొలత మీద వాళ్లకు నమ్మకం ఉంది కాబట్టి, తేడా కండరంలోనే ఉందని పట్టుకున్నారు. ఆమ్లంలో నెమ్మదిగా విడిపోతూ ఫాస్ఫేటును వదిలే పదార్థం ఒకటి అందులో ఉంది. అదే ఫాస్ఫోక్రియేటిన్, 1927. రెండేళ్ల తర్వాత, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ.

ఆ రెండూ వాళ్లిద్దరికే దక్కలేదు కూడా. ఫాస్ఫోక్రియేటిన్‌ను అదే ఏడాది ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు, ఏటీపీని జర్మనీలో లోమన్ విడిగా పట్టుకున్నారు. విదేశీ ల్యాబ్ మీకంటే ముందు ప్రచురించిందని బాధపడ్డారు కదా, ఆ బాధ కొత్తది కాదు. హార్వర్డ్ సుబ్బారావుకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ యాసిడ్, దాన్ని అడ్డుకునే క్యాన్సర్ మందులు, బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్ అన్నీ అక్కడి బృందం నుంచి వచ్చినవే. కంపెనీకి వెళ్తే పరిశోధన అయిపోయినట్టేనని మీ ల్యాబ్‌లో ఎవరన్నా అంటే ఈ సంగతి చెప్పండి.

ముందు ప్రచురించడం గురించి ఇంకొక్క మాట. మీ రంగంలోనే ఉంది ఉదాహరణ. జపాన్‌లోని సకాయ్‌లో, సీసాల రీసైక్లింగ్ కేంద్రం దగ్గర దొరికిన, పెట్‌ను తినే బ్యాక్టీరియా 2016లో ప్రపంచమంతా వార్తలకెక్కింది. కానీ తులూజ్ బృందం వాడింది ఆ బ్యాక్టీరియా ఎంజైమ్‌ను కాదు. ఆకులు, కొమ్మలు కుళ్లిన ఎరువు కుప్ప నుంచి ఒసాకా శాస్త్రవేత్తలు తీసి, 2012లో ప్రచురించిన మరో ఎంజైమ్‌ను. పేరుపడిన ఎంజైమ్ 50 డిగ్రీల లోపే విచ్చుకుపోతుంది, ఎవరూ పట్టించుకోని ఎరువు కుప్పది వేడికి నిలబడింది. ఎనిమిదేళ్లు అది పేపర్లలో పడి ఉంది. మీ స్థానాలు రెంటిని వేరొకరు మార్చారంటే, ఆ స్థానాలు సరైనవే ఎంచుకున్నారని అర్థం. వాళ్ల పేపర్ తీసి, వాళ్లు ఏ ప్లాస్టిక్ మీద, ఎన్ని డిగ్రీల దగ్గర, ఏ కొలతతో చూశారో చదవండి. వాళ్ల మ్యూటెంట్‌ను మీరూ తయారుచేసి పోలికకు పెట్టుకోండి. ఇప్పుడు మీకు ఒక నికరమైన ప్రమాణం దొరికింది, ఉచితంగా.

కంప్యూటర్ గురించి మీ ల్యాబ్‌లో అంటున్న మాటలో సగం నిజముంది. 2024 నోబెల్ డేవిడ్ బేకర్‌కు ప్రొటీన్ల డిజైన్‌కు, డీప్‌మైండ్ కంపెనీకి చెందిన హస్సాబిస్, జంపర్‌లకు ప్రొటీన్ల నిర్మాణాల అంచనాకు ఇచ్చారు. సరే. ఆ అంచనా యంత్రం దేన్ని చూసి నేర్చుకుంది? 1971లో ఏడు నిర్మాణాలతో మొదలై, మీలాంటి, నాలాంటి వాళ్లు స్ఫటికాలు పెంచి, తలలు బాదుకుని నింపిన ప్రొటీన్ డేటా బ్యాంకును చూసి. 2022లో టెక్సస్ వాళ్లు తెచ్చిన ఫాస్ట్ పెటేజ్ అనే ఎంజైమ్‌ను కూడా చూడండి. ఎక్కడ మార్చాలో మెషీన్ లెర్నింగ్ చెప్పింది, మార్చి, తయారుచేసి, ప్లాస్టిక్ మీద వేసి చూసింది మనుషులే. యంత్రం పది మార్పులు చెబుతుంది, వాటిలో ఏవి పనిచేస్తాయో చెప్పడానికి నమ్మదగిన కొలత ఉన్నవాళ్లు కావాలి. కోడింగ్ నేర్చుకోండి, తప్పకుండా. ‘ఇంకేమీ చేతకావడం లేదు కాబట్టి’ అని మాత్రం వద్దు. మీ ప్లేట్ల అంకెలను మీరే పైథాన్‌లో గీసుకునే దగ్గర మొదలుపెట్టండి. తర్వాత ప్రొటీన్ ఆకారానికి తగ్గ అమినో ఆమ్లాల వరుసను సూచించే ప్రొటీన్ ఎంపీఎన్‌ఎన్ లాంటి సాధనాన్ని మీ ఎంజైమ్ మీద నడపండి. కరిగే గుణం పెంచడానికి అది చాలామందికి అక్కరకొచ్చింది. క్రియాస్థానం (ఎంజైమ్ బంధాన్ని తెంపే చోటు) చుట్టూ ఉన్న అమినో ఆమ్లాలను ముట్టుకోవద్దని దానికి చెప్పడం మరచిపోకండి. లేకపోతే అది చక్కగా కరిగే, ఏ పనీ చేయని ప్రొటీన్‌ను ఇస్తుంది. చూశారా, జల్లెడ సంగతే మళ్లీ.

కోడింగ్ కంటే ముందు మీకు కావలసింది గణితం అని నాకు అనుమానం. బీటెక్‌లో రియాక్టర్ల పేపర్‌ను గట్టెక్కించి వదిలేసినవారే ఎక్కువ, నేనూ అంతే. మన రంగానికున్న బయోమాలిక్యులర్ ఇంజినీరింగ్ అన్న పేరులో ఇంజినీరింగ్ ఊరికే లేదు. మీ సబ్‌స్ట్రేట్, అంటే ఎంజైమ్ కొరకవలసిన వస్తువు, ఘనపదార్థం. ఎంజైమ్ ముందు దాని మీదికి వచ్చి అతుక్కోవాలి, తర్వాత కొరకాలి. ఎంజైమ్ వేగాన్ని లెక్కగట్టే, పాఠ్యపుస్తకంలోని మైకేలిస్–మెంటెన్ సమీకరణాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ వాడకూడదు. కొరికిన కొద్దీ ఆమ్లం పుడుతుంది, పీహెచ్ పడిపోతుంది, ఎంజైమ్ మందగిస్తుంది. పెద్ద ట్యాంకులో అయితే క్షారం పోస్తూ ఉండాలి, చివరికి ఉప్పు మిగులుతుంది, దాన్ని ఏం చేయాలన్నది మరో లెక్క. ఈ లెక్కలు వేయగలిగిన జీవశాస్త్ర విద్యార్థికి ఎక్కడికి వెళ్లినా కుర్చీ వేస్తారు. ఆర్నాల్డ్ కూడా మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, సౌరశక్తి మీద పనిచేసి, ఆ తర్వాతే ఇటు వచ్చారు.

అమెరికా గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మళ్లీ మొదటి నుంచి అంటే ఐదారేళ్లు. అక్కడి ఎంజైమ్ కూడా ముద్ద కడుతుంది. ఈ డిగ్రీ పూర్తిచేసి పోస్ట్‌డాక్‌కు వెళ్లడం మేలు. గైడ్ మిమ్మల్ని అవమానిస్తున్నారనో, మీ పేరు తీసేస్తున్నారనో రాసి ఉంటే వేరే మాట చెప్పేదాన్ని. మీ ఉత్తరంలో అటువంటిది లేదు. ఆయన చేసిన తప్పల్లా రంగు చూసి మురిసిపోవడం. అది మీరూ చేశారు.

ఉద్యోగం సంగతి మాత్రం చులకనగా చూడను. ఎంటెక్ మీ చేతిలో ఉంది, మానేస్తే ఆ డిగ్రీ ఎక్కడికీ పోదు. హైదరాబాద్‌లో 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్ బి టీకాను ఈస్టులో తయారుచేసి విడుదల చేసినప్పటి నుంచి, ప్రొటీన్‌ను పెంచడం, శుద్ధి చేయడం తెలిసినవారికి ఈ ఊళ్లో పని ఉంటూనే ఉంది. నేనూ డిగ్రీ తర్వాత కొన్నేళ్లు శుద్ధి విభాగంలోనే ఉన్నాను. అక్కడ ఇంటర్వ్యూలో మీ పేపర్లు ఎన్నని ఎవరూ అడగరు. బ్యాచ్ ఎందుకు చెడింది, ఎలా కనిపెట్టారు అని అడుగుతారు. ముద్ద కట్టిన ప్రొటీన్‌తో ఏడాది కుస్తీ పట్టిన మీకు చెప్పడానికి బోలెడంత ఉంది. కాకపోతే స్నేహితురాలి జీతాన్ని, మీ ఫెలోషిప్‌ను పక్కపక్కన పెట్టి చూడడం కూడా పసుపు రంగు పరీక్ష లాంటిదే, చూడడం సులువు, చెప్పేది తక్కువ. ఎస్ఆర్ఎఫ్‌కు (సీనియర్ ఫెలోషిప్‌కు) మారి ఉంటే, 2023 నాటి రేటు ప్రకారం మీకు నెలకు 42,000, ఇంటద్దె భత్యం అదనం. మొత్తం ఐదేళ్లలో ఇంకా రెండేళ్లకు పైనే మిగిలింది. అది ఆలస్యంగా పడుతుందని తెలుసు, నాకూ అలాగే పడేది.

అందుకని ఇప్పుడు ఏదీ తేల్చుకోకండి. ఆరు నెలలు గడువు పెట్టుకోండి, వచ్చే డాక్టోరల్ కమిటీ సమావేశం దాకా అనుకోండి. ఆలోగా జెల్, విచ్చుకుపోయే ఉష్ణోగ్రత, మెడ ముక్క, నిలకడైన హెచ్‌పీఎల్‌సీ కొలత. ఈ నాలుగూ వస్తే మీకు థీసిస్ ఉంది, పూర్తిచేయండి. ఇవన్నీ నిజాయితీగా చేశాక కూడా పొద్దున లేచి ల్యాబ్‌కు వెళ్లాలంటే కాళ్లు రాకపోతే, ఏ సంకోచం లేకుండా కంపెనీకి వెళ్లండి. అప్పుడు అలసిపోయి పారిపోయినట్టుగా ఉండదు, చూసి నిర్ణయించుకున్నట్టుగా ఉంటుంది.

గైడ్ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లి ‘నావల్ల కావడం లేదు సార్’ అనకండి. రెండు ముక్కల ఫొటో, ఒక జెల్ బొమ్మ ఒకే కాగితం మీద పెట్టుకుని వెళ్లండి. మాట ఆ కాగితం మీదే నడుస్తుంది. నోటుపుస్తకం ఏ రోజుది ఆ రోజే రాయండి. నోబెల్ వచ్చాక కూడా ఆర్నాల్డ్ 2020 జనవరిలో తన పేపర్‌ను ఒకదాన్ని వెనక్కి తీసుకున్నారు. ఫలితాలు మళ్లీ రాలేదు, ల్యాబ్ నోటుపుస్తకంలో ఆనాటి వివరాలు లేవు. పని ఒత్తిడిలో తాను సరిగ్గా చూసుకోలేదని ఆమె బహిరంగంగా ఒప్పుకున్నారు. అంతటి మనిషికే అలా అయింది, మనమెంత.

పెళ్లి మీ ఇష్టం, దానిలో నేను తలదూర్చను. లెక్కకు మాత్రం పనికొస్తుందని చెబుతున్నాను: యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గరిష్ఠంగా ఆరేళ్లు, స్త్రీలకు మరో రెండేళ్లు సడలింపు, ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా. సంబంధం మాట్లాడేటప్పుడు ఈ కాగితం నాన్నగారి చేతిలో ఉంటే మంచిది.

ఇక ఆయన అడిగే ‘ఇంకా ఎన్నాళ్లు’. మిల్లులో గుమస్తా అన్నారు కాబట్టి చెబుతున్నాను. బస్తా దింపుకునే ముందు ధాన్యంలో తేమ కొలుస్తారు, 17 శాతం దాటితే కొనుగోలులో పేచీ. ఆ తేమ మీటరు తప్పు చూపిస్తే ఏమవుతుందో ఆయనకు మీకంటే, నాకంటే బాగా తెలుసు. ‘రెండేళ్లు నా మీటరు సరిగా లేదు నాన్నా, ఇప్పుడు దాన్ని సరిచేస్తున్నాను, ఆరు నెలల్లో మళ్లీ తూకం వేసి చెబుతాను’ అనండి. ఇంకేమీ వివరించక్కర్లేదు.

మెడ ముక్క, నడుము ముక్క అంకెలు వచ్చాక నాకు రాయండి. ఎంజైమ్ వేయని ఉత్త బఫర్‌లో ఎంత వచ్చిందో కూడా రాయండి. మీ ఉత్తరంలో అది ఎక్కడా లేదు.